తూర్పు తప్పిన విమానం

బొల్లాపల్లి దగ్గర మెట్ట చేల మధ్య రేకుల షెడ్డు. అందులో నలుగురు కూర్చునే పాత విమానం. దాని యజమాని, పత్తి మిల్లు చెన్నకేశవులు. కొత్త పరికరాలు బిగించడానికి వచ్చిన జమాల్. కాసేపటికి టీ ఫ్లాస్కుతో చెన్నకేశవులు భార్య దేవిక.

"తూర్పు కాదంటావేందిరా! సిద్ధాంతి గారు మేకు పాతి, నీడ చూసి, తూర్పు ముఖంగా కట్టించిన షెడ్డు ఇది. ఇందులో విమానం ముక్కు ఎటుందంటే తూర్పుకే ఉంది."

"నేను కాదనటం లేదు బాబాయ్. ఈ తెర అంటంది. చూడండి. ఆగ్నేయం అంటంది."

"అయితే సిద్ధాంతి తప్పా, నీ తెర తప్పా?"

"తెరే తప్పు. పీకకుండా ఉంచిన పాత దిక్సూచి కూడా సిద్ధాంతి పక్షమే."

"మరింకేం? గుండ్రంగా ముచ్చటగా ఉన్న మీటర్లన్నీ పీకి ఈ టీవీ పెట్టావు. వాటికి రంగులు లేకపోయినా తూర్పుని తూర్పే అనేయి."

"నిన్న సాయంత్రం ఇది కూడా తూర్పే అంది."

"రాత్రికి రాత్రి తూర్పు జరిగిందా?"

"జరగలా. అందుకనే రెక్క కొసలో చూద్దామంటన్నా. దిక్కు కనిపెట్టే డబ్బా అక్కడుంది. కంపెనీ వాళ్ళు కూడా ఫోన్లో ముందు అదే చూడమన్నారు."

"రెక్కలో ఏముంటదిరా? రేకు. తెర వెనకాల వైర్లు చూడు."

"చూశా. రెండుసార్లు చూశా."

"మూడోసారి చూడు."

"నిచ్చెనేది బాబాయ్? నిన్న ఇక్కడే ఉంది గదా."

"మిల్లుకి పంపించా."

"విమానం కాడుండే నిచ్చెన మిల్లుకెందుకు?"

"పత్తి బోరేలు లారీకి ఎక్కించటానికి. నీకెందుకురా అయ్యన్నీ? రేపు పొద్దున నేను బళ్ళారి పోవాలి. ఒక్కడినే పోతన్నానని మిల్లుల వాళ్ళందరి ముందూ చెప్పా. పక్కన సుబ్బారావు లేకుండా నువ్వెప్పుడు ఎగిరావులే అని నవ్వినోళ్ళ ముందు చెప్పా. ఇయాళ నువ్వు ఎగరొచ్చని సంతకం పెట్టకపోతే నా పరువేం గాను?"

"సుబ్బారావు గారు మీకు నేర్పించినాయనే గదా. కొత్త మిషన్లు పెట్టాక మొదటిసారి ఆయన్ని ఎక్కించుకుంటే ఏం పోయింది?"

"ఆయనకి పెద్దతనం వచ్చింది. రెస్టు తీసుకోమన్నా. ఇప్పుడు ఆటోపైలట్ ఉంది గదా. మా తాత నరసరావుపేట సంత నుంచి వస్తా బండిలో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఎడ్లే ఇంటికి తెచ్చేయి. ఏనాడన్నా తప్పిపోయాడా?"

"ఎడ్లకి ఇల్లు తెలుసు బాబాయ్. దీనికి ఇప్పుడు తూర్పు కూడా తెలియట్లా. ఒక్కసారి రెక్క..."

"రెక్క జోలికి పోమాకన్నానా! అది బాగానే ఉంది. అదుగో, మీ పిన్ని వచ్చింది. ఏమే, వీడికి టీ పొయ్యి. నేను సిగ్నల్ ఉన్న కాడికి పోయి బళ్ళారి వాళ్ళతో మాట్లాడొస్తా. ఒరేయ్, వైర్లు చూడు, వైర్లు."

"బాబాయ్‌కి ఇయాళ కోపం జాస్తిగా ఉంది పిన్నీ."

"ఎప్పుడు తక్కువగా ఉంది గనక? టీ తాగు. చక్కెర తగ్గించి వేశా. నీకు షుగరు అంచు మీద ఉందంట గదా."

"ఎవరు చెప్పారు?"

"మీ అమ్మే. జాకెట్టు కొలతలు తీసుకుంటా అన్నీ చెబుద్ది ఖాతూన్ బీ. నీకు రెండు సంబంధాలు తప్పిపోయినయ్యని కూడా చెప్పింది."

"ఈసారి జాకెట్టుతో పాటు నోరు కూడా కుట్టుకోమనాలి. ఆ డ్రమ్ము ఇటు దొర్లిస్తా పిన్నీ, కాస్త జరగండి."

"డ్రమ్మెందుకు?"

"ఎక్కితే రెక్క కొస అందుద్ది."

"తుప్పు పట్టింది. పడతావు."

"పడను."

"కూర్చుని ముందు చేగోడీలు తిను. చల్లారితే బాగుండవు."

"చల్లారితేనే గదా కరకరలాడేది."

"ఇయ్యి వేరే రకం."

"దిగొచ్చి తింటా. ఇదేంది, ఈ మూతకి నిన్న రెండు స్క్రూలే తగిలించి పోయా, పొద్దున ఇంకోసారి చూసి బిగిద్దామని. ఇప్పుడు చుట్టూతా ఉన్నాయి."

"నువ్వే బిగించి మర్చిపోయుంటావు. చిన్న వయసులో షుగరు వస్తే అంతేనంట."

"అంచు మీదే ఉంది పిన్నీ, ఇంకా రాలా. ఆగండి, విప్పుతున్నా. ఇదేంది?"

"ఏంది?"

"ఎర్రగుడ్డ మూట. బరువుగా ఉంది. పిన్నీ! గుర్రపు నాడా. పసుపు రాసిన గుర్రపు నాడా!"

"దిష్టికి."

"మీరా పెట్టింది?"

"లారీలకి కట్టరా?"

"లారీకైతే ముందు బంపరుకి కడతారు, అందరికీ కనపడేట్టు. రెక్క లోపల దిష్టి ఎవరు పెడతారు? పిన్నీ, దిక్కు చెప్పే డబ్బా ఇదే, మూట పక్కన. ఇది భూమి అయస్కాంతాన్ని పట్టుకుని దిక్కు చెబుద్ది. పక్కన ఇంత ఇనుముంటే దానికి మతిపోయిద్ది."

"తీశావు గదా. ఇప్పుడేమంటందో చూసిరా."

"ఉండండి. తూర్పు అంటంది! సిద్ధాంతీ తెరా ఒక్క మాట మీదకొచ్చారు."

"అయితే సంతకం పెడతావా?"

"పెడతా. నాడా సంగతి బాబాయ్‌కి చెప్పన్లే. మిమ్మల్ని తిడతాడు."

"జమాలూ."

"ఆఁ."

"ఈ ఆటోపైలట్ ఉంది గదా. నడిపే మనిషి కళ్ళు మూసుకుంటే అదేం చేసిద్ది?"

"పోతా ఉంటది."

"ఎటు?"

"మనం చెప్పిన వైపు. చెప్పిన ఎత్తులో. వంకరపోదు."

"ఎంత దూరం?"

"పెట్రోలున్నంత దూరం."

"బళ్ళారి వస్తే దింపదా?"

"దింపదు. ఇది ఆ రకం కాదు. బళ్ళారి మీదుగా పోయిద్ది."

"మీదుగా."

"మీదుగా. దింపేది మనిషే. ఎందుకడుగుతున్నారు?"

"మీ బాబాయ్ అయితే, 'నాకు కునుకొచ్చినా అదే దింపుద్ది, ఎడ్లబండి లాగా' అంటన్నారు."

"విమానంలో కునుకేంది పిన్నీ?"

"మొన్న వేసవిలో బళ్ళారి పోతన్నాం. ముందు మీ బాబాయ్, పక్కన సుబ్బారావు గారు. వెనక నేను, ఒళ్ళో ఆవకాయ జాడీ. నంద్యాల దాటాక కింద ఏదో చెరువు కనపడితే, ఏవండీ, అదేం చెరువు అని అడిగా. పలకలా. కోపమొచ్చిందేమోలే అనుకున్నా. మళ్ళీ అడిగా. తల పక్కకి వాలిపోయింది."

"అమ్మో."

"సుబ్బారావు గారు తన వైపు స్టీరింగు పట్టుకుని బళ్ళారి దాకా తీసకపోయి దింపారు. దిగేటప్పటికి ఈయన లేచారు."

"లేచి ఏమన్నారు?"

"ఎండకి కునుకు పట్టింది అన్నారు. జాడీ మూత ఎందుకు ఊడిందని నన్ను తిట్టారు."

"డాక్టరుకి చూపించలా?"

"లైసెన్సు డాక్టరు అడిగాడంట, ఎప్పుడన్నా కళ్ళు తిరిగి పడ్డారా అని. పడలా అన్నారంట. బెల్టు పెట్టుకుని కూర్చునున్నారు గదా, ఎక్కడ పడతారు?"

"సుబ్బారావు గారన్నా చెప్పొచ్చు గదా."

"చెప్పారు. హైదరాబాదు పోయి తలకి స్కానింగు తీయించుకో, అందాకా ఎగరమాక అన్నారు. అప్పుడే ఆయనకి పెద్దతనం వచ్చింది."

"పిన్నీ, ఇదంతా నాకెందుకు చెబుతున్నారు?"

"సంతకం నువ్వే గదా పెట్టేది."

"నేను పెట్టేది మిషన్‌కి. మనిషికి కాదు. మనిషిని చూసేది డాక్టరు. మిషన్ బాగుంటే పెట్టనని నేనెట్టా అంటా?"

"అనలేవు. నాకు తెలుసు. అందుకే."

"అందుకే, ఏంది?"

"అందుకే మిషన్ బాగుండకుండా చూశా."

"మీరు... దిష్టికన్నారు గదా?"

"నువ్వు తెచ్చిన లావు ఇంగ్లీషు పుస్తకం మీ బాబాయ్ లోపల పెట్టమని నాకిచ్చారు. పెట్టేముందు చదివా. రెక్క బొమ్మ వేసి, చుట్టూ గీత గీసి, ఈ గీత లోపల ఇనుము ఉండరాదు అని రాసుంది. ఇంకెక్కడ పెట్టినా నీకు పట్టదు. అక్కడ పెడితే నేల మీద ఉండగానే తప్పు చూపిస్తది, నువ్వు ఎగరనియ్యవు."

"మరి ఆ పసుపు?"

"నువ్వు చూస్తే చెప్పటానికి ఏదో ఒకటి ఉండాలి గదా."

"నిన్న నిచ్చెన ఎక్కారా మీరు?"

"ఇంట్లో అటక మీద జాడీలు ఎవరు దించుతారనుకున్నావు? నువ్వు లాడ్జికి పోయాక వచ్చా. కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో నువ్వు తగిలించిన రెండూ విప్పి, మూట పెట్టి, మళ్ళీ ఆ రెండే పెట్టా."

"రెండేనా?"

"రెండే. మిగతాయి కింద గిన్నెలో ఉన్నాయి, ముట్టుకోలా. నువ్వు వదిలినట్టే ఉంటే అనుమానం రాదని."

"ఇప్పుడు నేను చుట్టూతా విప్పా గదా పిన్నీ."

"నువ్వంటన్నావు. నేనైతే రెండే పెట్టా. మా కాలేజీ మాష్టార్లు ల్యాబులో ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకోమని నేర్పించారు నాకు. అదుగో, వస్తన్నారు. మూట ఇటియ్యి."

"పిన్నీ, సంతకం..."

"నీ పని నువ్వు చెయ్యి నాయనా. నిన్ను అబద్ధం రాయమనటం లేదు. రేపు పొద్దున చక్రాల కింద నిమ్మకాయలకి బదులు నేను పడుకుంటా."

"ఒరేయ్ జమాలూ! బళ్ళారి వాళ్ళకి చెప్పేశా. రేపు రావటంలా అని."

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకేంది? మిషన్ చెడిపోయింది గదా. మిల్లుల వాళ్ళకి కూడా ఫోన్ చేసి చెప్పా. నేను తయారే, విమానమే తయారుగా లేదు, తూర్పేదో పడమరేదో దానికి తెలియట్లా అని. ఇప్పుడప్పుడే బాగయ్యేట్టు కూడా లేదని చెప్పా. ఏం చేస్తాం, మన చేతిలో ఏముంది? ఆ చేగోడీలు ఇటియ్యి."

"బాగయింది బాబాయ్."

"ఏంది బాగయింది?"

"మిషన్. తూర్పు చూపిస్తంది."

"ఎట్టా చూపిస్తది?"

"రెక్క మూత తీశా."

"తియ్యమాకన్నా గదరా! నిచ్చెన గూడా లేకుండా చేస్తిని గదరా!"

"డ్రమ్మెక్కా."

"డ్రమ్మా! ఆ డ్రమ్మొకటి ఉందిరా దేవుడా."

"ఏవండీ, ఆ పిల్లాణ్ణి ఏమీ అనమాకండి. లోపల ఇనుము పెట్టింది నేను."

"ఇనుమా? ఏం ఇనుము? నాకేం తెలవదు."

"గుర్రపు నాడా. మీరు ఒక్కరే ఎక్కకూడదని పెట్టా. నంద్యాల మీద మీకు పట్టింది కునుకు కాదు. మీకూ తెలుసు, నాకూ తెలుసు. తిడితే తిట్టండి."

"ఏందిరా ఈ చేగోడీలు, మెత్తగా ఉన్నాయి."

"మాట మార్చమాకండి."

"బాబాయ్, పిన్నిని తిట్టమాకండి. నాకు ఒక్కటే అర్థం కావట్లా. మూతకి రెండు స్క్రూలే పెట్టానంటది పిన్ని. నేను చూసేటప్పటికి చుట్టూతా ఉన్నాయి, గట్టిగా బిగించి."

"రెండు స్క్రూలకి మూత ఆగుద్దిరా? ఊడి ఆ మూట నీ నెత్తిన పడితే? పైగా ఈవిడ, చదువుకున్నదే గాని, దాన్ని డబ్బాకి అంతెడంగా పెట్టింది, తెర ఇంకా తూర్పే చూపిస్తంది. రాత్రి ఈవిడ ఇటొచ్చి పోవటం కనిపెట్టి, పొద్దున్నే వచ్చి, నాడాని డబ్బాకి ఆనించి, మిగతా స్క్రూలన్నీ నేనే బిగించా."