రాజుగారి దీర్ఘాయుష్షు

1997 ఆగస్టు. ఒంగోలు దగ్గరి పల్లె చర్చిలో ఆరాధన ముగిశాక, కొత్త పాస్టరూ ముసలి సంఘపెద్దా మాత్రమే మిగిలారు.

"పెద్దయ్యా, స్వతంత్రం వచ్చి యాభై ఏళ్లయింది. మన ప్రార్థనలో ఇంకా ఆ ఇంగ్లండు రాజెందుకు? మన దేశానికి ఆయనతో పనేంటి?"

"మా నాన్న నేర్పిన ప్రార్థన, అయ్యగారూ. మాలాంటోళ్లకి బడి పెట్టింది ఆ రాజు కాలపు దొరలేగా. ఆ బంధం ఎట్టా తెంచుకోను?"

"ఆ జార్జి రాజు పోయి నలభై అయిదేళ్లయింది."

"పోయాడా? మరి ఆయనకి దీర్ఘాయుష్షు ఇమ్మని నేను అడిగినప్పుడల్లా అందరూ ఆమెన్ అంటున్నారే!"

"మీరు నొచ్చుకుంటారని ఎవరూ చెప్పలేదంట."

"పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది ఇందుకా?"

పాస్టరు తల దించుకున్నాడు.

"మరి తమరు, అయ్యగారూ?"

"ఇందాక నేను కూడా ఆమెన్ అన్నాను, పెద్దయ్యా."