బావ గడిలో లెక్క

"నలభై బాతులు. మంచు ఎంతలా కమ్మిందంటే నా చెయ్యి నాకే కనపడట్లేదు. అయినా ఒక్క చూపులో నలభై తేల్చేశాను. బైనాక్యులర్ పెట్టె మూత కూడా తియ్యలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే నోరు మూసుకుని టీ తాగండి."

దర్జీ గ్లాసు బల్లమీద పెట్టి మెళ్ళో టేపు సర్దుకున్నాడు. పెళ్ళికెళ్ళినా పరామర్శకెళ్ళినా ఆ టేపు ఆయన మెళ్ళోనే ఉంటుంది, అందుకే వీధిలో అందరూ ఆయన్ని టేపు అనే పిలుస్తారు. ఎదురుగా బల్లమీద పోస్టుమాను, పొయ్యి వెనక టీకొట్టాయన. పొయ్యికి దగ్గరగా జరిగి చేతులు కాచుకుంటున్నది దర్జీ మేనకోడలు. చెరువుల ఆఫీసులో పని ఆమెది. ఈ ఏటి పిట్టల లెక్క కాగితం పట్టుకెళ్ళడానికి వచ్చింది.

"కనపడకుండానే లెక్కేశావా?" అన్నాడు పోస్టుమాను.

"అదేనయ్యా నేర్పంటే! ఇరవై ఎనిమిదేళ్ళుగా లెక్కేస్తున్నవాణ్ణి. నీకేం తెలుసు, కవరు మీద అడ్రసు చదవడం తప్ప! చలికాలం చివర, ఎండ ముదిరి పిట్టలు తిరుగుప్రయాణం కట్టకముందు, ఓ పొద్దున చెరువుకిద్దరు చొప్పున వెళ్ళాలి. ఒకరి లెక్క ఒకరు చూడకూడదు. కాగితంలో రెండు గడులు. ఒకటి నాది, ఒకటి మా బావది. మా బావ సంగతి మీకు చెప్పాలా, పాతికేళ్ళు బస్సు నడిపినవాడు, మలుపు తిరక్కముందే స్టాపులో ఎంతమందున్నారో చెప్పేవాడు. ఈ చలి మొదట్లో పోయాడు. పోగానే మీరందరూ ఏమన్నారు? ఒక గడి ఖాళీగా ఉంటే చెరువు జాబితాలోంచి పోతుంది, జాబితాలో లేని చెరువుని అడిగే దిక్కుండదు, స్టేషను వెనక చెరువుని పూడ్చి లారీల షెడ్డు వేసినట్టు దీన్నీ పూడ్చేస్తారు అన్నారా లేదా? అన్నారు. నేనేమన్నాను? నా కంఠంలో ప్రాణం ఉండగా పూడ్చనివ్వనన్నాను. ఇవాళ ఐదున్నరకల్లా గట్టుమీదున్నాను, ఒక్కణ్ణే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీ టీ చల్లారింది," అన్నాడు టీకొట్టాయన.

"చల్లారనీ! నలభై బాతులు లెక్కేశానా, అవి నా గొంతు గుర్తుపట్టాయి. పట్టవూ మరి? ఏటా వచ్చేవాణ్ణి. వెళ్ళి అవతలి రెల్లులో ఉన్నవాళ్ళకి చెప్పాయి. బొల్లికోళ్ళు లేవూ, ఒళ్ళంతా నలుపు, నుదుట తెల్లమచ్చ, అవి ముందొచ్చాయి. నాలుగొందలు. వాటి వెనక నీటికాకులు. వాటి వెనక కొంగలు. వాటి వెనక గూడబాతులు, ఒక్కోటి మన పోస్టుమాను సంచంత మూతితో. వచ్చి దిగుతున్నాయి, దిగుతున్నాయి, చోటు లేక ఒకదాని వీపు మీద ఒకటి కూచుంటున్నాయి. ఆ బరువుకి చెరువు గట్టు దాటి పొర్లింది. ఇదిగో, చెప్పులు చూడు, ఇంకా తడిగా ఉన్నాయి."

"మంచుకి తడిసుంటాయిలే," అన్నాడు పోస్టుమాను.

"మంచా? మోకాళ్ళదాకా నీళ్ళయ్యా బాబూ! అంతట్లో ఏదో కుక్క మొరిగింది. పదివేల పిట్టలు ఒక్కసారి లేచాయి. లేస్తూ లేస్తూ ఒక్కోటి ముక్కుతో ఇన్ని నీళ్ళు పట్టుకుపోయింది. చెరువు అడుగు కనపడింది. నిజం! ఎనిమిదేళ్ళ క్రితం మా బావ ఫ్లాస్కు మూత పోగొట్టాడు, పోగొట్టింది నువ్వంటే నువ్వని ఇద్దరం వారం రోజులు మాట్లాడుకోలేదు, ఆ మూత అక్కడే ఉంది, బురదలో, ఎర్రగా. నేను వంగేలోగా పిట్టలు మళ్ళీ దిగాయి, నీళ్ళు మళ్ళీ నిండాయి."

"అయ్యో పాపం, చేతికందే సరికి పోయిందన్నమాట," అని పోస్టుమాను కన్నుగీటాడు. మేనకోడలు మాత్రం నవ్వలేదు.

"నవ్వండి నవ్వండి. పదివేల పిట్టలు కుదురుగా ఉండవు, ఎలా లెక్కెయ్యడం? ఇంకొకడైతే గట్టు దిగి పారిపోయేవాడు. నేను దర్జీని. టేపు తీశాను. 'వరస!' అన్నాను. స్కూళ్ళు తెరిచే రోజుల్లో నా కొట్టు ముందు పిల్లలు యూనిఫారాలకి నిలబడ్డట్టు నిలబడ్డాయి. ఒక్కోటి ముందుకి రావడం, రెక్కలు చాపడం, నేను చంక కింద నుంచి టేపు పెట్టడం, అంగుళాలు చెప్పడం, పక్కకి జరగడం. ఒక గూడబాతుకి మూతి కింద సంచి చిరిగి, పట్టిన చేప పట్టినట్టే జారిపోతోంది. కాలర్లో సూది ఎప్పుడూ ఉంటుందిగా. రెండు పొరలు కలిపి, సూది వెనక్కి తిప్పి గట్టి కుట్టు వేసి పంపాను. కుట్టు కనపడదు. ఇంకో పాతికేళ్ళు చూసుకోనక్కర్లేదు."

"కూలెంతిచ్చింది?" అన్నాడు టీకొట్టాయన.

"బేరాలాడే మొహమా దానిది? ఊరుకోవయ్యా. అలా కొలుస్తూ కొలుస్తూ ఉంటే ఒక ముసలి కొంగ వచ్చింది. ఒంటికాలి మీద నిలబడింది. రెక్క చాపమంటే చాపదు. నా వెనక్కి చూస్తోంది. 'ఏమయ్యా, మీ బావగారు రాలేదేం?' అంది."

టీకొట్టాయన గరిటె తిప్పడం ఆపాడు.

"నేనేం చెప్తాను? 'టీకెళ్ళాడు, వస్తాడు' అన్నాను. దాని వెనకున్నది అడిగింది. దాని వెనకున్నది కూడా. పదివేల పిట్టలూ ఒక్కటే మాట. 'బస్సాయన ఏడీ? ఆయనైతే మమ్మల్ని తక్కువ చేసి రాస్తాడు, నువ్వు ఎక్కువ చేసి రాస్తావు, ఇద్దరినీ కలిపి చూస్తేనే మేం ఎంతమందిమో మాకు తెలిసేది. ఆయనొస్తేగాని మేం కదలం' అన్నాయి. బతిమాలాను. కసిరాను. వినవే! ఎండెక్కుతోంది. 'అయితే పద, మనమే వెళ్ళి తీసుకొద్దాం' అని నా టేపు ఈ కొస కొన్ని, ఆ కొస కొన్ని ముక్కున కరుచుకుని నన్ను లేవదీశాయి. మనిషిని! ఎనభై కిలోలు! గట్టు కిందికి పోయింది. ఈ టీకొట్టు కనపడింది, రేకు మీద నువ్వు పెట్టిన ఇటుకలు మూడూ కనపడ్డాయి. నా కొట్టు కనపడింది. మా అక్క ఇల్లు కనపడింది. మేడమీద మా అక్క దండెం మీద బట్టలు ఆరేస్తోంది. బావ చొక్కాలు. ఎవరూ తొడుక్కోని చొక్కాలు, మా అక్క వారం వారం తీసి ఉతికి ఆరేస్తోంది. నేను కుట్టినవే అన్నీ, పైనుంచి చూసినా నా కాలర్లు నాకు తెలీవా? 'అక్కా!' అని అరిచాను. పైకి చూడలేదు."

మేనకోడలు తల దించుకుని చేతిలోని కాగితం మడత విప్పింది.

"అక్కణ్ణుంచి ఇంకా పైకి. మబ్బు దాటాం. చలి. పిట్టలంటున్నాయి, 'ఇంకాస్త, ఇంకాస్త పైకి, అదిగో అక్కడే మీ బావగారు' అని. నేను చెయ్యి చాపాను. టేపు సాగదీశాను. ఎంత సాగుతుంది? టేపు అరవై అంగుళాలేగా. చాల్లేదు." గ్లాసు ఎత్తి చల్లారిన టీ గడగడా తాగేశాడు. "చాల్లేదని దింపేశాయి. అదీ సంగతి. పదివేల నాలుగొందల నలభై. రాసిచ్చాను. చెరువు జాబితాలో ఉన్నట్టే. ఎవడు పూడుస్తాడో రమ్మను!"

"నీ అసాధ్యం కూలా," అన్నాడు పోస్టుమాను, గొంతులో ముందున్న వెటకారం లేదు. "కొలత ఎక్కువైతే కత్తిరించడానికి ఆయనుండేవాడు. ఇప్పుడు నిన్నాపేదెవరు?"

"మావయ్యా," అంది మేనకోడలు. "ఇక్కడ పదివేలు లేదు. నీ గడిలో రెండు వందల పదహారు అని ఉంది."

దర్జీ ఖాళీ గ్లాసుని బల్లమీద అటూ ఇటూ జరిపాడు.

"నాన్న గడి మీద 'బావ' అని రాశావు. దాన్లో కూడా రెండు వందల పదహారే. పోయినేడు నాన్న రాసింది సరిగ్గా ఇదే. ఆ ఏడు నువ్వు మూడు వందల ఐదు రాశావు. పాత కాగితాలన్నీ నా బీరువాలోనే ఉంటాయి మావయ్యా. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క ఏడైనా మీ ఇద్దరి లెక్క కలవలేదు. నువ్వివాళ ఒక్క పిట్టని కూడా చూడలేదు."

రోడ్డు మీద ఒక బస్సు ఆగి, ఇద్దర్ని దింపి వెళ్ళిపోయింది. దర్జీ అది కనుమరుగయ్యేదాకా అటే చూశాడు.

"చూడలేదమ్మా," అన్నాడు. "వెళ్ళడం వెళ్ళాను. గట్టుమీద కూచుని పెట్టె మూతమీద చెయ్యి వేశాను. లోపల బైనాక్యులర్ పట్టీ ఉంటుందిగా, నేనే కుట్టాను, మీ నాన్న మెడకి కొలిచి. తియ్యబుద్ధి కాలేదు. పిట్టలున్నాయి తల్లీ, వాటి అరుపులు వినపడుతూనే ఉన్నాయి. తలెత్తి చూడలేకపోయాను. రెండు గంటలు అలాగే కూచున్నాను."

"మరి ఈ లెక్కేంటి?"

"పోయినేడు దీనిమీద ఎంత గొడవపడ్డామో నీకూ తెలుసు. గట్టునుంచి ఇంటిదాకా తిట్టుకుంటూనే వచ్చాం. నీకు కళ్ళులేవంటే నీకు కళ్ళులేవని. పది నెలలు ఆయనా తగ్గలేదు, నేనూ తగ్గలేదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు, కాస్త నవ్విద్దామని నేనే మళ్ళీ ఎత్తాను. 'బావా, ముమ్మాటికీ మూడొందల ఐదే' అన్నాను. లేచి తిడతాడనుకున్నాను. మీ నాన్న నావైపు తిరిగి, 'సరేలేరా, మూడొందల ఐదే' అన్నాడు." టేపు కొస వేలికి చుట్టి మళ్ళీ విప్పాడు. "మీ నాన్న ఒప్పేసుకున్నాడంటే ఇంక ఇంటికి రాడని అప్పుడే తెలిసిపోయింది. నాకా గెలుపు వద్దమ్మా. ఆయన లెక్క ఆయనకి ఇచ్చేశాను. నా గడిలోనూ అదే రాసుకున్నాను. తప్పే, దొంగ లెక్కే. కానీ ఇంకెలా ఇవ్వను చెప్పు?"

టీకొట్టాయన ఖాళీ గ్లాసు తీసి వేడిగా ఇంకోటి పెట్టాడు.

మేనకోడలు కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి రబ్బరు తీసి రెండు గడుల్లోని అంకెలూ చెరిపేసింది. పైనున్న 'బావ' అన్న మాట మాత్రం అలాగే ఉంచింది.

"రేపు సాయంత్రందాకా గడువుంది," అంది. "పొద్దున ఐదున్నరకి నేనూ వస్తాను. ఈ గడిలో నేను రాస్తాను."

"నీకు పిట్టల సంగతి ఏం తెలుసే?"

"నీకూ తెలీదనేవాడుగా నాన్న. ముందే చెప్తున్నా, నా లెక్క నీ లెక్కతో కలవదు."

బల్లకింద ఉన్న పెట్టె అందుకుని మూత తీసి బైనాక్యులర్ మెళ్ళో వేసుకుంది. పట్టీ పొడుగై అది నడుం దగ్గర వేలాడింది. దర్జీ చెయ్యి అలవాటుకొద్దీ కత్తెర కోసం జేబులోకి వెళ్ళి అక్కడే ఆగింది.

"కత్తిరించకు మావయ్యా," అంది ఆమె. "మడిచి కుట్టు."

దర్జీ టేపు తీసి ఆమె మెడ చుట్టూ పెట్టి కొలిచాడు. అంగుళాలు పైకి చెప్పకుండా టేపుని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పోస్టుమాను లేచి దగ్గరికొచ్చి, టేపు మీద అంకె తనే చదివి చెప్పాడు.