సూసేకే ఎరుపు

"అవ్వా, నా బుగ్గలు సూడు, ఎట్ల మండతాండాయో. నీకూ ఇట్లే ఉండెనంట గదా?"

ఉండె పాపా. నలభై దాటినాక మొదలైంది నాకు. ఇట్ల రా, ఎలుతురుకు తిప్పు మొగం. ఊ... అదే. ముక్కు మింద, బుగ్గల మింద. మా అమ్మకూ ఉండె. సరే గానీ, ఆ సేతిలో ఏంది? ట్యూబా? మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటివా? ఆడ పెట్టు. ముందు నా మాట ఇను.

నాకు ఎండకు పోతే ఎరుపు. పొయ్యి కాడ కూసుంటే ఎరుపు. ఉడుకుడుకు టీ తాగినా ఎరుపే. అప్పట్లో ఆదోనిలో టీ రూపాయి... కాదు, రూపాయిన్నర. ఎంతైతేనేమిలే, దుడ్డిచ్చి మొగం కాల్సుకునేది. మాది పత్తి సేను గదా, ఆలూరు దిక్కు. కూలోళ్లను పిల్సుకోని పత్తి ఇడిపిస్తాంటి. నా మొగం ఎర్రబడితే సాలు, ఆడోళ్లంతా "అక్కకు కోపమొచ్చె" అని నోరు మూసుకోని పని సేస్తాండ్రి. మీ తాత అయితే బీడీ ఆర్పేస్తాండె.

నాకు కోపమే ల్యాదు పాపా! కోపమొచ్చినోళ్లు మాట జారతారు. మాట జారితే మనిషి సులకన. నేనెప్పుడూ జారలా. మొగమొగటే నా మాట ఇనలా.

ఇంగ మీ అమ్మ సంగతి. సుంకమ్మ మద్దికెర నుంచి కొత్త కోడలుగా వచ్చినప్పుడు నోట్లో మాట ల్యాదు. ఇప్పుడు సూసి నువ్వు నమ్మవులే. మొదటి దినం జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టె. తింటి. మొగం ఎరుపెక్కె. ఆ పిల్ల తలుపు సందులో నిలబడి సూసి ఏమనుకునిందో తెలుసునా? అత్తకు కారం సాల్లేదు, అందుకే కోపమొచ్చె అని! మర్సటి దినం ఇంకో పిడికెడు మిరపకాయలు కలిపి నూరె. నేను ఇంకా ఎరుపు. ఆ పిల్ల ఇంకా నూరె.

నవ్వు, నవ్వు. నాకు సెవుల్లోంచి పొగలొస్తాండె. సెప్పొచ్చు గదా అవ్వా అంటావా? ఎట్ల సెప్పేది? పళ్లెంలో పెట్టిన కూటికి వంక పెట్టగూడదు. మా నాయన నాకు నేర్పినాడు, నా పిల్లోళ్లకు నేను నేర్పినాను. కోడలొచ్చిందని నీతి మారుస్తామా? మీ నాయన తినె, సెంబెడు నీళ్లు తాగె, మళ్ల తినె. మీ తాత రొట్టె మింద మజ్జిగ కుమ్మరించుకునె. ఒగరూ నోరెత్తలా. అంత కట్టుబాటు మా ఇంట్లో!

ఆ నడుమ పక్కింటామె ఒగ ట్యూబు తెచ్చిచ్చె. నీ సేతిలో ఉండే అట్లాంటిదే. పూస్తే మొదట్లో సల్లబడె, తెల్లబడె. నేనూ మురిసిపోతి. ఆపితే సూడు, ముందుకంటే రెండింతల మంట, మొగం నిండా సన్న గుల్లలు. మీ అమ్మ ఆ మొగం సూసి పెట్టె సర్దుకునె. "నా వంట మీ అమ్మకు నచ్చదు, నేను మా ఊరికి పోతా" అని మీ నాయన కాడ ఏడ్సె.

మీ నాయన, "ముందు అమ్మను ఆదోనిలో సూపిద్దాం, తోడు రా. వచ్చినాక నిన్ను దింపుతా" అనె. మీ అమ్మకు నమ్మకం ల్యాదు, పెట్టె గూడా ఎత్తుకొచ్చె. డాక్టరమ్మ ముందర గూడా ఒళ్లోంచి దింపలా.

"ఏం తింటావమ్మా?" అని డాక్టరమ్మ అడిగె.

"పెట్టింది తింటా" అంటి.

కోడలి దిక్కు తిరిగి, "నువ్వేం పెడతావు?" అనె.

మీ అమ్మ, "కారమే మేడం. అత్తకు ఎంతేసినా సాల్దు" అనె.

"సాల్దని ఎవరు సెప్పిరి?"

"మొగం సెప్పింది మేడం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నవ్వె, నవ్వె.

దాని పేరు రోజేషియా అంట. సర్మం కింద సన్న నెత్తురు దారులు ఉబ్బి ఎర్రబడతాదంట. కోపం గాదు, అంటురోగం గాదు. మొత్తంగా పోదు గానీ సెప్పినట్లింటే అణిగుంటాది. ఎండ, సెగ, కారం, ఉడుకు... ఒగొగరికి ఒగొగటి పడదు, ఏది పడదో నువ్వే కనిపెట్టుకో అనె. ట్యూబు సంగతి సెప్తే గసిరె. అట్లాంటివి పూసేకొద్దీ సర్మం పల్సబడతాదంట, ఆపితే తిరగబడతాదంట. వేరే మందు రాసిచ్చె. ఇంగ నాతో ఏమనెనో తెలుసునా? "అమ్మా, కారం ఎక్కువైందని సెప్పడం కూటికి వంక పెట్టడం గాదు. మందేసుకున్నట్లు అనుకో" అనె. సదువుకున్న మనిషి! నా నీతికీ దెబ్బ తగల్లా, మొగానికీ దారి దొరికె.

పెట్టె మద్దికెరకు పోలా. తిరిగొస్తా అంగట్లో మీ అమ్మ బ్యాడిగి మిరపకాయలు కొనె. రంగు ఎక్కువ, మంట తక్కువ గదా అవి. "ఏం మే, మళ్ల మిరపకాయలా?" అంటి. ఆటోలో ఎండకు నా మొగం కుంకుమ మాదిరుండాది. ఆ పిల్ల సూసె. బెదరలా. "ఇవి నీ మాదిరే అత్తా. సూసేకే ఎరుపు" అనె.

అంతే! ఆ దినం తెరిసిన నోరు ఇంతవరకూ మూయలా మీ అమ్మ. గొడుగు మర్సిపోతే తిట్టు, టీ సల్లార్సకుండా తాగితే తిట్టు. నిజంగా కోపమొచ్చి ఉరిమి సూసినా, "పోయి నీడకు కూసో అత్తా" అంటాది. ఇంట్లో నా మాటకు ఇలువ ల్యాకుండా పోయె పాపా.

పోతే పోనీలే.

నువ్వా ట్యూబు ఈడిచ్చి, రేపు మీ అమ్మతో పోయి సర్మం డాక్టరుకు సూపించుకో. సల్లగా బతుకు తల్లీ. నీ మొగం సూసి ఎవరన్నా బెదిరితే, వాళ్లు పెట్టె సర్దుకోకముందే నువ్వే నోరు తెరిసి సెప్పు...

ఆఁ, వస్తాండా సుంకమ్మా! టీ యేనా? సల్లార్సినావా? ...సూడు, మళ్ల మొదలుపెట్టె.