ఓబులేసు తెరవని నోరు

ఓబులేసని ఒకడుండె. గాలి చూసేవాడు. గాలిని ఎవురు చూస్తారబ్బీ అంటారా? వాడు చూసె. మబ్బు అడుగున పసరు రంగు కనపడితే రాళ్లవాన అనేవాడు. ఉన్నట్టుండి ఆకు కదలడం మానేసి, ఎద్దులు తోకలెత్తితే ఈదురుగాలి అనేవాడు. అన్నాడంటే వచ్చి తీరాల్సిందే. నా అంతటోడు కాదులే, పక్కూర్లో తుమ్మబోయే మనిషిని ఈడ కూర్చోని చెప్పేవాణ్ణి నేను. సరే, ఇనండి. ఏమైందంటే, వాడు చెప్పినప్పుడల్లా గాలొచ్చె, గాలొచ్చినప్పుడల్లా అరటితోటలు పడె. ఏటేటా గెలలు నేలపాలు. ఊరోళ్లకు ఒక అనుమానం పుట్టిందంట, వీడు గాలొస్తాదని చెప్తాండాడా, గాలిని రమ్మని పిలుస్తాండాడా అని. పెద్దతోట తిమ్మారెడ్డి వాణ్ణి చావిడికాడికి పిలిపించి, ఇంక నీ నోట గాలి మాట రాకూడదు, నీ కూతురి తలమీద చెయ్యిపెట్టి ఒట్టెయ్ రా అనె. "నేను పిలిస్తే వచ్చేదానికి అదేమన్నా నా మేకనా రెడ్డీ?" అనె వాడు. "మేకో, పులో, ముందు ఒట్టెయ్." ఒక్కతే బిడ్డ, సుంకమ్మ, తల్లి లేంది. దాని తలమీద చెయ్యి పెట్టించినారంట. ఒట్టు తప్పితే ఆ తల పగులుతాదని ఊరందరికీ తెలుసు. వానికీ తెలుసు.

మళ్లా ఎండాకాలమొచ్చె. సుంకమ్మా, ఇంకొందరు ఆడోళ్లూ తిమ్మారెడ్డి తోటలో గెలలకు ఊతకర్రలు కడతాండారు. పడమట మబ్బు లేసె. కొండమీద కొండ, దానిమీద ఇంకో కొండ అనుకో. అడుగున పసరు రంగు, దాంట్లోనుంచి ఏనుగుతొండం మాదిరి ఒకటి గిర్రున తిరగతా కిందికి దిగతాంది. ఓబులేసు చూసె. పరిగెత్తె. తోటలో పడి ఆడోళ్ల చేతుల్లో కర్రలు గుంజి పారేసె, కాళ్లమీద పడె, మన్ను తీసి నెత్తిన పోసుకునె. మాట మాత్రం లేదు. ఆడోళ్లు మబ్బును చూసి బెదిరి గట్టెక్కబోతే, తోట బయట దోవలో నిలబడిన తిమ్మారెడ్డి నవ్వినాడంట. "ఎందుకే భయం? వాడు పిలిస్తేనే గదా గాలొచ్చేది? వాడు నోరు తెరవలే. కట్టండి, కట్టండి." నిజమే గదా అనుకోని మళ్లా పనిలో పడిరి. సుంకమ్మ మాత్రం తండ్రి చెయ్యి పట్టుకోని, "నాయనా, నోటితో చెప్పు. అందర్నీ తీసుకోనొస్తా. నా తలకేం కాదు, చెప్పు" అనె. వాడు నోరు తెరిచె. దాని తల చూసె, కనకాంబరాలు పెట్టుకోనింది. నోరు మూసె. మళ్లా తెరిచె, మళ్లా మూసె. ఎత్తుకోని పోదామని చూస్తే, "వీళ్లనిడిసి నేనొక్కదాన్నే వస్తానా?" అని విడిపించుకోని వెనక్కి పాయ.

ఆ గాలి ఎట్లాంటిదంటారా? నేనా పొద్దు ఎదురుగుట్టమీద ఉండా. బండను కరుచుకుంటే బండతో పాటు నన్ను పైకి లేపి, చుట్టుపక్కల ఊర్లన్నీ చూపించి, మళ్లా ఉన్నకాడ్నే దించింది. తోటను మాత్రం దించలే. గెలలు, కర్రలు, పంపుసెట్టు కొట్టం, ఆడోళ్లు, అంతా ఒక్క కుప్ప. సుంకమ్మకు ఊతకర్ర తగిలింది. ఎక్కడ తగిలిందంటారా? తలకే. అప్పుడు ఊరోళ్లేమన్నారో తెలుసునా? "చూసినారా, వీడెప్పుడో గొణిగుంటాడు, ఒట్టు తప్పినాడు" అన్నారు. తిమ్మారెడ్డీ అదే మాట అనె.

ఇప్పుడు వాడు తెల్లారితే చాలు, "గాలొస్తాంది, గాలొస్తాంది" అని అరుస్తా వీధులెంబడి తిరగతాడు. ఆకు కదలదు. ఎవురూ వాని నోరు మూయరు. ఒట్టేయించుకుందామంటే, చెయ్యి పెట్టేదానికి ఇంక వానికి ఎవురి తలుంది? ఇదీ కత. గాలితో పాటు ఎగిరొచ్చినోణ్ణబ్బీ నేను, దేనికీ జడిసేవాణ్ణి కాదు. వాడు నా వాకిటికొచ్చి అరిస్తే మాత్రం తలుపేసుకుంటా.