అమ్మ జాడీ

డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన తమ్ముడు, బెంచీ మీద ఎదురుచూస్తున్న అక్క పక్కన కూలబడ్డాడు. ఇద్దరూ కలిసి బేకరీ నడుపుతారు.

“ఏమందిరా డాక్టరమ్మ? నోట్లో ఆ తెల్లపూత ఏంటట?”

“ఈస్టేనట అక్కా.”

“చచ్చాం! పచ్చిపిండి రుచి చూడొద్దని మొత్తుకుంటే విన్నావా?”

“నేనూ అదే అన్నా. ఆవిడ పడీపడీ నవ్వింది. ఇది మన పిండిలోది కాదట. అందరి నోట్లోనూ, కడుపులోనూ కాస్త ఉండేదేనట. పంటినొప్పికి మింగిన యాంటీబయాటిక్స్ దాన్ని అదుపులో పెట్టే మంచి బాక్టీరియాని చంపేశాయట. అందుకే పెరిగిపోయింది. మందు రాసిచ్చింది, తగ్గిపోతుందట.”

“హమ్మయ్య! మరి ఆ ఏడుపు మొహమేంట్రా?”

“భయంకొద్దీ అమ్మ జాడీలో, రొట్టెలకి తోడు వేసే పులిసిన పిండి నీచేత పారబోయించానుగా. రోజూ కాస్త కొత్త పిండి కలుపుతూ అమ్మ ఎన్నేళ్లు కాపాడుకుందో...”

“నువ్వు చెబితే పారబోస్తానా? పొద్దున దానికి గుప్పెడు పిండి కలిపే వచ్చాను. లే, ఈపాటికి పొంగి మూత నెట్టేసుంటుంది.”