కట్టయ్యన్న తీసిన మూతలు

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ ఇస్సాకు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, తోటి లెక్చరర్లకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ విద్యార్థులకు, పరకాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన సమ్మమ్మ గారికి నమస్కారం. ఇరవై ఎనిమిదేళ్లు మా వృక్షశాస్త్రం ల్యాబ్‌లో అటెండరుగా పనిచేసి ఈరోజు రిటైరవుతున్న సమ్మమ్మ గారి భర్త కట్టయ్యన్న గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలన్నీ ఇంతకుముందు మాట్లాడినవాళ్లే చెప్పేశారు, నాకు ఫిర్యాదులే మిగిలాయి. (నవ్వులు) 'ఇప్పుడు విమల మేడం మాట్లాడతారు' అనగానే కట్టయ్యన్న తల దించుకోవడం మీరంతా చూశారు. అందుకు కారణం ఉంది.

మూడేళ్ల కిందట, 1983లో, గాలి అందకపోతే వడ్లగింజ ఏం చేస్తుందో చూద్దామని పన్నెండు సీసాల్లో వడ్లు వేసి, కాచి చల్లార్చిన నీళ్లు అంచుదాకా పోసి, మూతలకు మైనం పట్టించి బీరువాలో పెట్టాను. పది రోజులు ముట్టుకోవద్దని కట్టయ్యన్నకు మరీ మరీ చెప్పాను. పదో రోజు చూస్తే ఆరు సీసాల మూతలు తీసి ఉన్నాయి, నీళ్లు లేవు. అడిగితే ఏమీ దాచలేదు.

"ఊపిరాడక సస్తానయ్ గద మేడం, జర గాలి తగలనియ్యాలని మొన్న నేనే తీసిన. నీళ్లు గూడ ఒంపిన. మా నారుమడిల మొలక సల్లినంక నీళ్లు తియ్యకుంటే ఏరు పట్టదు. అయినా మేడం, కల్లు వాసన కొడ్తానయ్, సూడుండ్రి."

"మరి మిగతా ఆరు ఎందుకు వదిలేశావు?"

"అవి తీద్దామనేసరికి మీరు ల్యాబులకచ్చిండ్రు, బీరువా మూసిన." (నవ్వులు)

కల్లు వాసన అన్నందుకు నవ్వకండి. గాలి లేనప్పుడు గింజ బతకడానికి నిజంగానే కొంచెం సారాయి తయారు చేసుకుంటుంది, పరకాల ముక్కు తప్పు చెప్పలేదు. కానీ ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. మెమో ఇచ్చాను. బీరువా తాళంచెవి లాగేసుకున్నాను.

నెల తర్వాత, కోపం చల్లారాక, ఆ రోజు రాసిపెట్టుకున్న నోట్‌బుక్కు తిరగేశాను. మూత తీయని సీసాల్లో తెల్లటి మొలక పొడుగ్గా సాగింది గానీ వేరు లేదు, ఆకు లేదు. కట్టయ్యన్న గాలి తగలనిచ్చిన సీసాల్లో మాత్రం వేళ్లు వచ్చాయి. అవే వడ్లు, అదే బీరువా. వేరు వేయించే జన్యువులు, ఆకు తొడిగించేవి, సారాయి చేయించేవి అన్నీ ప్రతి గింజలోనూ ఉన్నాయి. ఏవి పనిలోకి దిగాలి, ఏవి ఊరుకోవాలి అన్నది గాలిని బట్టి మారుతోంది. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములోకి వస్తే మనలో ఎవరు లేచి పని అందుకుంటారో, ఎవరు నోరు మూసుకుంటారో మీకు తెలుసు కదా, అలాగన్నమాట. (నవ్వులు) ఇస్సాకు గారు కూడా నవ్వారు, బతికిపోయాను.

దాని మీద వ్యాసం రాశాను, అచ్చయింది. 'గాలి తగిలిన రెండు రోజులకు వేరు రావడం నేను గమనించాను' అని అందులో ఉంది. గమనించింది నేను కాదు. ఆయన పేరు మెమోలో ఉంది, వ్యాసంలో లేదు. ఆ తర్వాత ఈ మూడేళ్లూ ఖాళీ సీసా కడగాలన్నా గుమ్మం దగ్గర నిలబడి "మేడం, మూత తియ్యమంటరా?" అని అడుగుతూనే వచ్చాడు. అడిగిన ప్రతిసారీ నాకు సిగ్గేసింది, అయినా చెప్పలేకపోయాను. కట్టయ్యన్నా, తప్పు నాది. నన్ను క్షమించు.

సమ్మమ్మ గారూ, కళ్లు తర్వాత తుడుచుకుందురు గానీ, మీ ఆయనను ఇటు పంపండి, ఇంకా పని ఉంది. ఈ సీసాలో వడ్లు ఐదు రోజులుగా నీళ్ల కింద ఉన్నాయి. మొలక ఉంది, వేరు లేదు. రా అన్నా, నీ చేత్తో మూత తీసి నీళ్లు ఒంపెయ్... చూశారా, ఇప్పుడు కూడా నా ముఖం వైపే చూస్తున్నాడు! అడగకు, తీసెయ్! (చప్పట్లు)

వేరు రావడానికి రెండు రోజులు పడుతుంది, నీ ఉద్యోగమేమో ఈ సాయంత్రంతో అయిపోతుంది. అందుకని ఇదిగో బీరువా తాళంచెవి, నీ దగ్గరే ఉంచుకో. ఎల్లుండి వచ్చి చూసి నాకు చెప్పు. ఈసారి 'కట్టయ్య గమనించాడు' అనే రాస్తాను. రిటైరైన మనిషికి తాళంచెవి ఇవ్వడం రూల్సు ప్రకారం తప్పేనని నాకు తెలుసు. ఇస్సాకు గారూ, దానికి మెమో ఇవ్వాల్సి వస్తే ఈసారి నాకివ్వండి.

ఓపికగా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. కట్టయ్యన్న సీసా పట్టుకుని నిలబడే ఉన్నాడు, కుర్చీ వేయాలి. సెలవు.