జమునకు పోయిన తల్లిగారి చీర

“పోలేదు! నువ్వు పోలేదు, నీ చీర పోలేదు!” రఘుపతి చాయ్ గ్లాసు బల్ల మీద కొట్టిండు.

“పోయిన! ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు?” అంబదాస్ లేసి నిలవడ్డడు.

ఏడాది సంది ఇదే లొల్లి. సూరత్ ఖటోదరాల మరమగ్గాల సాంచెల మీద ఇద్దరు షిఫ్టు పాలి దిగినంక, నర్సవ్వ చాయ్ బండి కాడ. ఆడిది సచ్చిపోతె తల్లిగారు చీర తేవాలె, అది కప్పినంకనే పాడె లేపాలె. మొదటి లాక్‌డౌన్ల అంబదాస్ అక్క జమున ఊళ్లె జరమొచ్చి పోయింది. తమ్ముడు సూరత్‌ల ఉండె. రోజుకు గజాలకు గజాలు చీరగుడ్డ దింపెటోడు, సొంత అక్కకు ఒక్క చీర కప్పిండా లేదా, గదే పంచాది.

నర్సవ్వది గూడ ఆ ఊరే. మొగడు పోయినంక బండి పెట్టుకుంది. తమ్ముని చీరనే కప్పిన్రని ఊరోళ్లు ఫోన్ల చెప్పిన్రు. ఆ చీర ఈడికెళ్లి ఎట్ల పోయిందో ఆమె అడగలే.

“ఇనుండ్రి మరి,” అంబదాస్ మొదలువెట్టిండు. “కబురచ్చె. మిల్లు బంద్, కరెంటు బంద్. సేఠ్ కాళ్లు మొక్కి తాళంచెవి తెచ్చిన, సాంచెను చేతులతోని తిప్పి పగటియాల్లకు చీర దింపిన, ఎర్ర చీర, పచ్చ అంచు, సంకల పెట్టుకొని నడుసుడు వట్టిన. సూరత్ దాటంగనే కడోదరా కాడ పోలీసోళ్లు ఆపిన్రు. ‘మా అక్క చీర’ అన్న. ఏమైందో ఎరికేనా? లాఠీలు కింద పడేసి లైనుగ నిలవడి సలాం కొట్టిన్రు!”

“నీ తెలుగు వాళ్లకు సమజైందా?”

“ఏడుపుకు తెలుగేంది, గుజరాతీ ఏందిరా! అటెన్క కాళ్లు గుంజినయి. చీర ఇప్పి గాలికి పట్టిన. గాలి నిండి నన్ను లేపింది సూడు, నందుర్బార్, జల్గావ్, రైళ్లు లేకున్నా స్టేషన్లన్ని కింద కనవడ్డయి!”

గప్పుడే బల్ల చివరకు ఒగాయిన అచ్చి కూసున్నడు. మూతికి తువ్వాల, సంకల సంచి. అంబదాస్ ఈపు అటుంది. నర్సవ్వ గుర్తువట్టింది. దేవదాస్, జమున మొగడు. పనికోసం అచ్చినట్టున్నడు.

“ఇగ చాలు తియ్ అంబదాసూ, చాయ్ సల్లారుతుంది,” అన్నది.

దేవదాస్ ఆమె దిక్కు చూసి చెయ్యి ఊపిండు. చెప్పనీ, అన్నట్టు.

“ఆగక్కా! గోదారి అడ్డమచ్చింది. కొంగు ఇసిరికొడితె ఆ ఒడ్డున తుమ్మకు సుట్టుకుంది, చీర మీదికెళ్లి నడిచిన, చెప్పు తడ్వలే. మూడొద్దులకు ఊరు చేరిన. బయటోళ్లు రావద్దని పొలిమేరల ముండ్లకంప. నన్ను చూసి కంప దానంతటదే జరిగింది! పీనుగు లేవనిది మా ఊళ్లె పొయ్యి ముట్టియ్యరు గద, డెబ్బై ఇండ్లల్ల మూడొద్దులు పొయ్యి ముట్టలే. ఇంటికో కట్టె, ఇంటికో మనిషి, డప్పులు, పక్క ఏడూర్లోళ్లు! చీర కప్పిన. కప్పంగనే మా అక్క కండ్లు తెరిచింది. ‘ఇంత ఆల్శమైందేంది తమ్మీ, తిన్నవా?’ అన్నది. తిన్ననక్కా అన్న. మల్ల మూసుకుంది.”

రఘుపతి నవ్వలే.

“తెర్వలే, అంబదాసూ.” బల్ల చివరికెళ్లి మాటచ్చింది.

అంబదాస్ మర్లి చూసిండు. దేవదాస్ తువ్వాల దించిండు.

“మూడొద్దులేడియి, మూడు గంటలు ఉంచనిచ్చిన్రు. కరోనా అని ఎవ్వలు గడప దాటలే. డప్పు లేదు. అందరిండ్లల్ల పొయ్యిలు మండినయి, పొగ కనవడ్డది. నేను, మా పెద్దనాయిన కొడుకు, ఇద్దరమే ట్రాక్టర్ల ఏస్కపోయినం.”

అంబదాస్ బావ పక్కకచ్చి కూసున్నడు. “మరి చీర? నేను పంపిన్నని ఊరంత...”

“నేనే చెప్పిన. తల్లిగారి గుడ్డ లేకుంట పోయిందని దానికి పేరు రావద్దు. దుకాణపోన్ని బతిలాడి షెట్టరు సగం లేపిచ్చి కొన్న. రైళ్లు లెవ్వు, నువ్వు రాలేవని నాకెరుకే. గని మొగడు కొన్నది తల్లిగారి చీర గాదు గద. గదే నన్ను తింటాంది.”

“ఎంతాయె బావా?”

దేవదాస్ చెప్పిండు. అంబదాస్ జేబుల ఉన్న పగార్ మొత్తం తీసి బల్ల మీద పోసిండు.

“అన్ని తీస్కో బావా.”

“ఒద్దు. దాని ధరనే.”

నర్సవ్వ మంట తగ్గించి చూస్తుండంగ దేవదాస్ అండ్లకెళ్లి రెండు వంద నోట్లు, ఒక యాభై, మూడు పదులు ఏరి జేబుల పెట్టుకున్నడు. రెండు వందల ఎనభై.